కరువును తట్టుకునే గింజ ఎవరి చేతిలో ఉండాలె?

నిజాంసాగర్ కాలువ మొదట్లో ఉన్న పొలానికి అడగకుండానే నీళ్లు వస్తాయి. కాలువ తోక కాడ ఉన్న పొలానికి అడిగినా రావు. బాన్సువాడ చుట్టుపక్కల ఊర్లల్ల బడికి పోయే పిల్లగాణ్ని అడిగినా ఈ మాట చెప్తాడు. తూము కాడి పొలం ఎవరిది, తోక కాడి పొలం ఎవరిది అని అడిగితే ఆ మాట కూడా చెప్తాడు. తూము కాడి మంచి నేల ఊరి పెద్దలది. తోక కాడ, గట్టు వారన, రాళ్లు తేలిన చోట ప్రభుత్వం పంచి ఇచ్చిన అరెకరం, ఎకరం మాలమాదిగలది. ఏమీ లేనోళ్లు కౌలుకు పట్టేది కూడా ఎక్కువగా ఆ తోక పొలాలనే.

నాటుకు వంగేది మన ఆడోళ్లు. పొట్టకొచ్చిన వరికి ఒక్క తడి తప్పితే ఏమైతదో వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కంకి సగమే బయటికి వస్తుంది. పుప్పొడి చచ్చిపోతుంది. గింజ పాలు పోసుకోదు. కోసి కొడితే తాలు మిగులుతుంది. పంట తాలైనా అప్పు తాలు కాదు. అది గట్టి గింజ లెక్క పెరుగుతనే ఉంటది.

భూమి గురించి, నీళ్ల గురించి మనం ఎప్పుడూ మాట్లాడుకుంటాం. ఈసారి గింజ గురించి రాస్తున్నాం. వరిగింజ లోపల కరువును తట్టుకునే గుణం ఎక్కడ దాగి ఉన్నదో శాస్త్రవేత్తలు గత ఇరవై ఏండ్లలో చాలా వరకు పట్టుకున్నారు. ఆ గుణం ఎవరి పొలాల నుంచి వచ్చింది? మధ్యలో ఎట్ల పోయింది? ఇప్పుడు ఎవరి చేతికి పోతున్నది? ఇది మన వాడలకు తెలియాలె. తెలియకపోతే రేపు మన గింజనే సంచిలో కట్టి మనకే అమ్ముతారు.

ముందు నీళ్ల ముచ్చట. నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. మంజీర మీద కట్టిన ఈ సాగరు 2 లక్షల 75 వేల ఎకరాలకు నీళ్లియ్యాలని లెక్క. కట్టిననాడు 29 టీఎంసీలకు పైగా నీళ్లు పట్టేది. పూడిక నిండింది. ఇప్పటి లెక్క 17.8 టీఎంసీలు. ఎగువన 1980లలో సింగూరు కట్టి మంజీర నీళ్లను హైదరాబాదు తాగునీటికి మళ్లించారు. పట్నం దూప తీరాల్సిందే, మేము కాదనం. కానీ సాగరులో నీళ్లు తగ్గిన ప్రతిసారీ ఆ తగ్గుదల మొదటి మడి కాడ కనబడదు, తోక కాడ కనబడుతుంది. ఆయకట్టు చివరి పొలాల కోసం గోదావరి నీళ్లు ఎత్తిపోసే అలీసాగర్, గుత్ప పథకాలు కట్టాల్సి వచ్చిందంటేనే సంగతి అర్థం చేసుకోవాలె. 2015లో సింగూరు, నిజాంసాగరు రెండూ ఎండినాయి. 2025 ఆగస్టు చివర్లో ఇదే కామారెడ్డి జిల్లా వరదలో మునిగింది. పదేండ్లలో ఒకే నేల రెండు దెబ్బలూ తిన్నది.

చాలా ఊర్లల్ల తూము ఎత్తి దించే నీరటి పని తరతరాలుగా మన వాడలోళ్లదే. ఏ మడికి ఎంత నీరు, ఏ పూట, ఏ గండి నుంచి, ఇవన్నీ నీరటికి తెలిసినంత ఇంజనీరుకు తెలియదు. ఊరందరి పొలాలు తడిపినోడి పొలం మాత్రం ఎండుతూ వచ్చింది. గింజ సంగతి కూడా ఇట్లాంటిదే.

మన దేశంలో తినే వరి దాదాపు అంతా ఒకే జాతి. కానీ ఆ జాతిలో ఎన్ని తీర్లు! ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ విత్తన భాండాగారంలో 1 లక్షా 30 వేలకు పైగా నమూనాలు దాచి ఉన్నాయి. గింజ లోపల 12 జతల క్రోమోజోములుంటాయి. ఒక్కొక్క క్రోమోజోము ఒక దండ అనుకుంటే, అందులోని పూసలు జన్యువులు. ఎత్తు, రంగు, వాసన, వేరు లోతు, ఎన్ని రోజులకు ఈనాలె, దూపకు ఎంతసేపు ఓర్చుకోవాలె, ఇవన్నీ ఆ పూసల మీద ఆధారపడతాయి. ఒక రకానికీ ఇంకో రకానికీ ఆ పూసల్లో తేడా ఉంటుంది. ఆ తేడాయే వరికి ఆస్తి. అన్నీ ఒక్క తీరే ఉంటే ఒక్క కరువుకే అన్నీ పోతాయి.

వరి కరువు నుంచి బయటపడే తొవ్వలు మూడు. ఒకటి, తప్పించుకునుడు. తొందరగా పండి, నీళ్లు పోకముందే ఇంటికి వచ్చే రకాలు. రెండు, లోతుకు పోవుడు. పైన నేల ఎండినా కింది తేమను అందుకునే వేర్లు. మూడు, ఓర్చుకునుడు. ఆకు చుట్టుకుని, ఊపిరి బిగబట్టి, తడి అందంగనే మళ్లీ లేచి గింజ కట్టే గుణం. ఈ మూడూ ఒక్క జన్యువుతో వచ్చేవి కావు. చాలా జన్యువులు కలిసి చేస్తాయి. అందుకే శాస్త్రవేత్తలు చాలాకాలం దీన్ని పట్టుకోలేకపోయారు.

2007లో ఒక పెద్ద ముడి విడింది. మన హజారీబాగ్ పరిశోధనా కేంద్రం తయారుచేసిన వందన అనే మెట్ట వరినీ, ఇండోనేషియాకు చెందిన వే రారెం అనే రకాన్నీ కలిపి చూశారు. వందన కరువుకు ఓర్చుకునేది. వే రారెం ఓర్చుకోలేనిది. కానీ 12వ క్రోమోజోము మీద దొరికిన బలమైన కరువు గుణం వే రారెం నుంచి వచ్చింది! ఒంటరిగా ఉన్నప్పుడు బలహీనమని లెక్కగట్టిన దాంట్లోనే ఆ బలం ఉన్నది. వందనతో కలిసినప్పుడు బయటపడింది.

2011లో ఇంకో సంగతి తేలింది. ఉత్తరప్రదేశ్‌లోని నగీనాలో స్థానిక రకం నుంచి ఏరిన నగీనా-22 అనే పాత రకం ఉన్నది. ఎండకూ కరువుకూ ఓర్చుకోవడంలో దానికి పేరు. దాన్ని మనకు తెలిసిన స్వర్ణతో, ఐఆర్-64తో, 1010తో కలిపి చూశారు. మూడింటిలోనూ 1వ క్రోమోజోము మీద ఒకే చోట కరువు గుణం కనబడింది.

ఆ చోటి పక్కనే ఇంకో జన్యువు ఉన్నది. అది వరి ఎత్తును నిర్ణయించేది. ఇక్కడే అసలు కథ ఉన్నది. 1966లో ఐఆర్-8 వచ్చింది. తైవాన్ నుంచి వచ్చిన పొట్టి గుణంతో చేసిన వరి. ఎరువులు మస్తుగ వేసినా పడిపోదు, నీళ్లు నిండుగ ఉంటే గింజ కుప్పలు పోస్తది. హరిత విప్లవం అన్నారు. పొట్టి మొక్కలను ఏరుకున్నారు, పొడుగు మొక్కలను పారేశారు. పొడుగు గుణమూ కరువుకు ఓర్చుకునే గుణమూ 1వ క్రోమోజోము మీద పక్కపక్కనే, ఒకే ముల్లెలో ఉన్నాయి. ఎత్తును పారేస్తే కరువు గుణం కూడా ఆ ముల్లెతోనే పోయింది. 2015లో అచ్చయిన పరిశోధనలో ఈ సంగతి స్పష్టంగా చెప్పారు. కష్టపడితే ఆ ముడి విప్పవచ్చని, పొట్టిగా ఉంటూనే కరువుకు ఓర్చుకునే వరిని చేయవచ్చని కూడా చూపించారు.

ఎవరో పగబట్టి చేసిన పని అని మేము అనడం లేదు. మేము అడిగేది ఒక్కటే. ఏ పొలాన్ని మనసులో పెట్టుకుని ఆ ఎంపిక జరిగింది? నిండుగ నీళ్లున్న పొలాన్ని, ఎరువు కొనగలిగిన రైతును. తూము కాడి మడిని. తోక కాడి మడి, మెట్ట మీది మడి వాళ్ల లెక్కలో లేదు. లెక్కలో లేని పొలాలకు కావలసిన గుణం లెక్కలో లేకుండా పోయింది. యాభై ఏండ్ల తర్వాత వాన తప్పడం మామూలైనాక, అప్పుడు పారేసిన దాన్ని మళ్లీ వెతుకుతున్నారు.

ఎక్కడ వెతుకుతున్నారు? పేదోళ్ల పొలాల్లోనే. వేరును లోతుకు దించే జన్యువును జపాన్ శాస్త్రవేత్తలు 2013లో లోకానికి చెప్పారు. అది ఫిలిప్పీన్స్ మెట్ట వరి కినాండాంగ్ పాటోంగ్‌లో దొరికింది. భాస్వరం తక్కువైన నేలలో కూడా వేరు పెంచే జన్యువు తూర్పు ప్రాంతపు కసలత్ అనే పాత రకంలో దొరికి 2012లో బయటికి వచ్చింది. వరదలో రెండు వారాలు మునిగినా బతికే జన్యువును 2006లో పట్టుకున్నారు. అది ఒడిశా రైతుల ధలాపుటియా రకం నుంచి ఏరిన దాంట్లో దొరికింది. ఎరువు లేని నేల, నీళ్లు లేని నేల, మునిగే నేల. మంచి నేల నుంచి తరిమినాక మిగిలిన చోట బతికిన రైతులు, ఆదివాసులు, ఆడోళ్లు బతికిన కంకిని ఏరి మళ్లీ విత్తుకుంటూ వచ్చారు. వాళ్లకు జన్యువు అనే మాట తెలియదు. ఏ గింజ బతుకుతుందో తెలుసు. పరిశోధనాలయం పేరు పెట్టింది. పెంచి కాపాడింది వీళ్లు.

దోచుకునే ప్రయత్నం కూడా జరిగింది. డాక్టర్ రిచారియా కటక్‌లోని కేంద్ర వరి పరిశోధనా సంస్థకు డైరెక్టరుగా ఉన్నప్పుడు, విదేశీ రకాలను పరీక్ష లేకుండా తెచ్చి పంచొద్దని అడ్డం నిలబడి కుర్చీ పోగొట్టుకున్నాడు. తర్వాత ఛత్తీస్‌గఢ్ ఊర్లు తిరిగి రైతుల దగ్గరున్న వరి రకాలు 19 వేలకు పైగా సేకరించాడు. ఆ సేకరణ రాయపూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చేరింది. 2002లో సింజెంటా అనే బహుళజాతి కంపెనీతో ఆ విశ్వవిద్యాలయం ఒప్పందానికి దిగింది. రైతు సంఘాలు, ప్రజాసంఘాలు వీధికెక్కినాయి. ఆ ఏడాది డిసెంబరులోనే కంపెనీ వెనక్కి పోయింది. జనం కాపలా ఉంటేనే గింజ దక్కుతుందని దీని అర్థం.

కాపలా ఎట్ల ఉండాలో చూడటానికి దూరం పోనక్కర్లేదు. మంజీరకు ఎగువన జహీరాబాద్ ప్రాంతంలో దళిత ఆడోళ్ల సంఘాలు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి 1980ల నుంచి ఊరూరా విత్తన నిల్వలు పెట్టుకున్నాయి. అవి వరి పొలాలు కావు, జొన్నలు, కొర్రలు, పప్పులు పండే చెలకలు. ఒకప్పుడు విత్తనాలకు షావుకారు గడపెక్కిన ఆడోళ్లు ఇప్పుడు విత్తనం ఇచ్చే చేతులైనారు. 2008లో సొంత రేడియో పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ బహుమతి వచ్చింది. చెలకల్లో వాళ్లు చేసింది తరి పొలాల్లో మనం చేయలేమా?

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు పోతాం. 'విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తదా' అని మన మొఖం మీద అంటుంటారు. పుట్టుకతోనే గుణం వస్తుందని, కులం నెత్తుర్లో ఉంటదని దాని భావం. అంబేద్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో రక్తశుద్ధి వాదాన్ని చీల్చి చెండాడినారు. మనుషుల్లో కులానికి జన్యువు లేదు. వరి చెప్పే పాఠం కూడా వాళ్ల సామెతకు ఎదురే పోతుంది. బలహీనమని పక్కన పెట్టిన దాంట్లో బలం దొరికింది. కలిసినప్పుడే ఆ బలం పని చేసింది. కలవకుండా గిరి గీసుకుని, ఒకే తీరు గింజను వేల ఎకరాల్లో నింపితే ఒక్క తెగులుకు, ఒక్క కరువుకు అంతా కూలిపోతుంది.

మరి ఇప్పుడు ఏం వచ్చినాయి? 2009-10లో హజారీబాగ్ నుంచి సహభాగి ధాన్ వచ్చింది. పొలంలో రైతులను భాగం చేసి ఎంపిక చేసింది కాబట్టి ఆ పేరు. దాదాపు 105 రోజుల పంట. ఇట్లాంటి కరువు రకాలు వాన తప్పిన ఏడు మామూలు రకాల కంటే హెక్టారుకు 8 నుంచి 10 క్వింటాళ్లు, అంటే ఎకరాకు 3 నుంచి 4 క్వింటాళ్లు ఎక్కువిస్తాయని లెక్క. ఐఆర్-64లో కరువు గుణాలు చేర్చిన డీఆర్‌ఆర్ ధాన్-42 వచ్చింది. స్వర్ణలో మునకకూ కరువుకూ రెండింటికీ ఓర్చుకునే గుణాలు కలిపిన సీఆర్ ధాన్-801 వచ్చింది. 2015నూ 2025నూ చూసిన మన నేలకు ఆ రెండు గుణాలూ కావాలె.

2025 మే 4న కేంద్రం ఇంకో సంగతి ప్రకటించింది. మన 1010ను, అంటే మార్టేరులో పుట్టిన కాటన్‌దొర సన్నాలను, జన్యు సవరణ చేసి పూసా డీఎస్‌టీ రైస్-1 అనే రకం చేశామన్నది. బయటి జన్యువు పెట్టలేదు, ఉన్న ఒక జన్యువును పని చేయకుండా ఆపినం, ఆకు నీటిని పట్టి ఉంచుకుంటది, చవుడుకూ కరువుకూ ఓర్చుకుంటది అంటున్నారు. ఇట్లాంటి సవరణలకు 2022లోనే కొన్ని కఠిన నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చారు. సైన్సు అంటే మాకు భయం లేదు. మూఢనమ్మకాలతో మనల్ని తొక్కినోళ్ల మీద సైన్సు మనకు ఆయుధం. కానీ రెండు ప్రశ్నలు అడిగే హక్కు మనకున్నది. ఆ సవరణ చేసే పనిముట్టు మీద పేటెంట్లు విదేశీ సంస్థల చేతిలో ఉన్నాయి. రేపు ఆ గింజను మనం దాచుకుని విత్తుకోవచ్చా? తోక పొలంలో, మన చేతుల మీద పరీక్షించి చూపిస్తారా? ఈ రెండింటికీ జవాబు రాతలో కావాలె.

కొత్త రకాలు వచ్చినా మన పొలాల దాకా ఎందుకు రావు? దుకాణంలో ఏ సంచి ఉంటే అది, మిల్లరు ఏది కొంటే అది, బోనస్ దేనికుంటే అది మనం వేస్తాం. 2024 వానకాలం నుంచి రాష్ట్రం సన్నవడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇచ్చింది. మంచిదే. కానీ సాంబ మసూరి పొలంలో 145 నుంచి 150 రోజులు నిలవాలె. తెలంగాణ సోనాకైనా 125 రోజులు కావాలె. చివరి తడి దాకా నీళ్లున్నోడికి ఆ బోనస్ దక్కుతుంది. తడి తప్పినోడికి తాలే దక్కుతుంది. కౌలుకు చేసేటోడి పేరు కాగితంలో లేకపోతే విత్తన రాయితీ, నష్టపరిహారం పట్టాదారు ఖాతాకే పోతాయి. కౌలుదారులకు గుర్తింపు కార్డులియ్యాలని 2011లోనే చట్టం చేశారు. ఎన్ని వాడల్లో ఎంతమందికి ఆ కార్డు ఉన్నదో మీరే లెక్కపెట్టండి.

ఇంకో హెచ్చరిక. కరువు గింజ నీళ్లకు బదులు కాదు. ఏ వరీ నీళ్లు లేకుండా పండదు. ఈ గింజ చేసేదల్లా, మొత్తం పోయే చోట కొంత దక్కనిచ్చుడు. 'మీకు కరువు విత్తనం ఇచ్చినం, ఇక కాలువ నీళ్లు అడగకండి' అనే రోజు రాకుండా చూసుకోవాలె. 1927 మార్చి 20న మహద్‌లో చవుదార్ చెరువు నీళ్లు తాగి అంబేద్కర్ మనకు చూపించింది ఈ తొవ్వనే. నీళ్లు దయ కావు, హక్కు. గింజా అంతే.

అందుకని వచ్చే వానకాలం నారు పోసే ముందే ప్రతి ఊరి సంఘం కూర్చుని ఈ పనులు పెట్టుకోవాలని మేము కోరుతున్నాం.

ఒకటి. మన పక్కనే రుద్రూర్‌లో చెరకు, వరి పరిశోధనా కేంద్రం ఉన్నది. సంఘం తరఫున అర్జీ పెట్టండి. కరువుకు ఓర్చుకునే రకాలను పరిశోధనా కేంద్రం మడిలోనే చూపిస్తే చాలదు, తోక కాడి దళిత రైతుల, కౌలు రైతుల మడుల్లో వేసి చూపించాలని అడగండి. ఈ రకాల్లో చాలా వాటిని తూర్పు రాష్ట్రాల వానాధార నేలల కోసం చేశారు. మన నేలలో, మన కాలంలో చూడకుండా ఎకరాలకు ఎకరాలు వేయొద్దు. రెండేసి గుంటల్లో పక్కపక్కన వేసి, వచ్చిన నీళ్లతోనే పండించి చూడాలె. ఏది బాగున్నదో నాటు వేసి కోత కోసే ఆడోళ్లే తేల్చాలె. గడ్డి పశువుకు పనికొస్తదా, అన్నం మాపటి దాకా ఉంటదా, ఇవి కూడా వాళ్లే చెప్పాలె.

రెండు. పైన చెప్పిన సహభాగి, 42, 801 హైబ్రిడ్లు కావు. విత్తనం దాచుకోవచ్చు. మడి నడుమ నుంచి, ఒకే తీరున్న ఆరోగ్యమైన కంకులు ఏరి, విడిగా కొట్టి, బాగా ఎండబెట్టి వేపాకుతో నిల్వ చేయండి. సంఘానికి ఒక గుమ్మి పెట్టండి. 2001 చట్టం 39వ సెక్షన్ ప్రకారం రైతు తన పంట విత్తనాన్ని దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, పంచుకోవచ్చు, బ్రాండ్ పేరు లేకుండా అమ్ముకోవచ్చు. ఎవరైనా బెదిరిస్తే ఈ సెక్షన్ నంబరు చెప్పండి.

మూడు. మీ ఊర్లో ముసలోళ్లను కూర్చోబెట్టి అడగండి. కాలువ రాకముందు, ఐఆర్-8 రాకముందు మెట్ట మీద ఏ వడ్లు చల్లేవాళ్లు, ఎన్ని రోజులకు కోసేవాళ్లు, వాటి పేర్లేమిటి. ఎవరి ఇంట్లోనైనా గింజలు మిగిలి ఉంటే కాపాడండి. రైతుల రకాలను రైతుల పేరు మీదనే నమోదు చేసే తొవ్వ అదే చట్టంలో ఉన్నది.

నాలుగు. తోకకు ముందు నీళ్లు అన్న డిమాండును వదలొద్దు. తూము కాడ ఎన్ని రోజులు పారింది, తోక కాడ ఎన్ని రోజులు పారింది, నోటు పుస్తకంలో తేదీలతో రాసి పెట్టండి. నీరటి చూసిన లెక్క అధికారి లెక్క కంటే తక్కువ కాదు.

అన్నలారా, అక్కలారా! భూమి పంచినప్పుడు మనకు రాళ్లు వచ్చినాయి. నీళ్లు పంచినప్పుడు తోక వచ్చింది. ఇప్పుడు గింజల గుణాలను పంచుకునే కాలం వచ్చింది. ఈ పంపకంలో కూడా చివర నిలబడితే మన పిల్లలు మనల్ని అడుగుతారు. మీ ఊరి తోక పొలాల లెక్క, పాత వడ్ల పేర్లు మాకు రాసి పంపండి. అచ్చు వేస్తాం. ఒక ఊరి అనుభవం ఇంకో ఊరికి విత్తనం కావాలె.

జై భీమ్!